కంపెనీ పేరు మీద కొన్న కారు

మా కంపెనీలో ఉన్నది ఒక్కడే మనిషి, వాణ్ని నేనే. యజమానిని నేనే, మెకానిక్‌ను నేనే, పైపులు కోసేదీ, బిల్లులు రాసేదీ, బిల్లు పాసు కాలేదని ఇంటికొచ్చి మూతి ముడుచుకుని కూర్చునేదీ నేనే. కంపెనీ ఉందనడానికి మా ఇంట్లో ఉన్న సాక్ష్యాలు ఒక రబ్బరు ముద్ర, ఒక పనిముట్ల పెట్టె, గేటుకు వేలాడే రేకు బోర్డు. బోర్డు మీద మా ఆవిడ పేరు. మా వైపు చిన్న కాంట్రాక్టర్లందరూ పెళ్లాం పేరో బిడ్డ పేరో పెట్టి వెనక ఎంటర్‌ప్రైజెస్ అని తోక తగిలిస్తారు, ఆడవాళ్ల పేరు మీద పెడితే కలిసొస్తుందని. మా ఆవిడ ఆ బోర్డును తుడిచినప్పుడల్లా "పేరు నాది, పెత్తనం నీది" అని ఒక మాట అనకుండా ఉండేది కాదు.

పని నీళ్ల పని. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో తాగే నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్లు ఉంటాయి కదా, అవి ఏడాది పొడుగునా నడిచేలా చూసుకోవడం. ఫిల్టర్లు మార్చాలి, మోటరు కాలితే వైండింగ్ చుట్టించాలి, ఎలుకలు కొరికిన వైర్లు కలపాలి. కరీంనగర్‌లో బయలుదేరితే చొప్పదండి, ధర్మారం మీదుగా పోయి, రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్షెట్టిపేట, జన్నారం, అక్కడి నుంచి అడవిలో పడి ఉట్నూరు, ఆపైన ఆదిలాబాద్ వైపు గూడేల దాకా నా ప్లాంట్లే. కాంట్రాక్టు ఏటా కొత్తగా రాయించుకోవాలి. అదొక్కటే నా ఆధారం. అది పోతే మళ్లీ ఎవడో ఒకడి కింద చేరాలి. చేరితే ఏమవుతుంది, లోకంలో అందరూ చేయడం లేదా అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు మా బాపు సంగతి చెప్పాలి.

బాపు సిరిసిల్లలో సాంచె నడిపేవాడు. మరమగ్గాన్ని మేము సాంచె అంటాం. రేకుల షెడ్డులో వరసగా సాంచెలు, వాటి మధ్య ఒక మనిషి పట్టేంత సందు, ఆ సందులో ఆయన బతుకు గడిచిపోయింది. ఆ చప్పుడులో మాట వినపడదు, అంతా చేతి సైగలే. చివరికి చెవులు రెండూ సాంచెలకే ఇచ్చేసి ఇంటికొచ్చాడు. ఇప్పటికీ ఆయనతో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాలి, లేదంటే చేతులు తిప్పాలి. ఆయన మాట్లాడితే మాత్రం వీధి చివర దాకా వినపడుతుంది.

చిన్నప్పుడు నేను ఆయనకు సద్ది తీసుకుని షెడ్డుకు పోయేవాణ్ని. అప్పుడప్పుడు ఆ సాంచెల యజమాని, సేటు, వచ్చేవాడు. సేటు అడుగు లోపల పడగానే బాపు భుజం మీది తువ్వాల తీసి, మడిచి, చంకలో పెట్టుకునేవాడు. ఎవరూ పెట్టుకోమనలేదు. సేటు చెడ్డవాడూ కాదు, నా తల నిమిరి మంచిగా చదువుకుంటున్నావా అని అడిగేవాడు. తిట్టి కొట్టే మనిషైతే నా కోపానికి ఒక దారి దొరికేది. ఆ మంచి మనిషి ముందు మా బాపు చంకలో తువ్వాలతో నిలబడితే నేను సద్ది గిన్నె అక్కడే పెట్టి బయటికి వచ్చేసేవాణ్ని. ఆయన జీవితం మొత్తంలో నాకు చెప్పిన బుద్ధి కూడా ఒక్కటే.

"గంజి తాగినా సరే బిడ్డా, ఒకని కింద చెయ్యకు. నీ రెక్కలు నీయే ఉండాలె."

హైదరాబాద్‌లో నీళ్ల మిషన్లు చేసేవాళ్ల దగ్గర పని నేర్చుకుని, ఆ ఉద్యోగం వదిలేసి, కరీంనగర్ వచ్చి నేను రేకు బోర్డు రాయించింది ఆ మాట కోసమే. బోర్డు తగిలించిన రోజు ఆయన చెవిలో "నీ కొడుకు సేటయిండు బాపు" అని అరిచాను. ఆయన వాకిలి ఇటు నుంచి అటు చూసి, "సేటువైతే కారేదిరా?" అన్నాడు. మా వీధిలో ఆ మాట వినని ఇల్లు లేదు.

కారు తర్వాత వచ్చింది. ఎవరో ఇద్దరి చేతులు మారిన డీజిల్ బండి. బండి ముందు, పొగ వెనక, నేను మధ్యలో. అయినా దాన్ని ఎన్నడూ తిట్టలేదు, వానలో వాగు దాటించింది, ఎండలో గుట్ట ఎక్కించింది. కానీ మా పనిలో మనిషిని చూడరు, మనిషి దిగిన బండిని చూస్తారు. ఉట్నూరులో మా పనులు చూసే డీఈ సార్ ఒకసారి నా బండి పొగలోంచి దగ్గుతూ బయటికొచ్చాడు.

"ఏమయ్యా, నువ్వు నీళ్లు శుద్ధి జేసేటోనివి. గాలిని గిట్ల ఖరాబు జేస్తె ఎట్లనయ్యా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఇంటికొచ్చాక నొప్పి పెట్టింది. ఆ తర్వాతి వారమే మా ఆడిటర్ దగ్గర కూర్చున్నప్పుడు ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి, కారు సొంత పేరు మీద కాకుండా కంపెనీ పేరు మీద కొను, అదీ కరెంటు కారు కొను, పన్నులో తరుగుదల చూపించుకోవచ్చు, డీజిల్ బాధ తప్పుతుంది అన్నాడు. పెద్ద కాంట్రాక్టర్లందరూ అలాగే చేస్తున్నారట. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. కానీ నక్కకు ఆ సామెత వాత పెట్టుకున్న తర్వాతే గుర్తొస్తుంది.

ఇంట్లో చెబితే మా ఆవిడ బియ్యం చెరిగేది ఆపింది.

"మనం కొంటున్నమా, కంపెనీ కొంటున్నదా?"

"రెండు ఒక్కటే."

"ఒక్కటైతే రెండు పేర్లెందుకు?"

నేను తరుగుదల గురించి చెప్పబోయాను. సగంలోనే నాకే అర్థం కాకుండా పోయింది. ఆమె మళ్లీ చేట అందుకుని, "కిస్తీ కట్టేటప్పుడు గూడ కంపెనీయే కడతదా మరి?" అంది. నేను మర్నాడే షోరూమ్‌కు పోయాను.

షోరూమ్‌లో అబ్బాయి చాలా మర్యాదస్థుడు. ఒకసారి నిండా చార్జి పెడితే ఎంత దూరం పోతుందో ఒక అంకె చెప్పాడు. ఆ అంకెను నేను కరీంనగర్ నుంచి ఉట్నూరు దాకా పరిచి చూసుకున్నాను. పోయి, పని చేసుకుని, తిరిగి వచ్చే దారిలో కూడా చాలా దూరం వస్తుంది. మధ్యలో ఎక్కడో ఒక దగ్గర కాసేపు పెట్టుకుంటే సరి. నా కడుపు నిండిపోయింది. కాగితం మీది కిలోమీటర్లకు గుట్టలుండవు, గుంతలుండవు, ఆదిలాబాద్ చలి ఉండదని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ని కాదులెండి, అప్పటికే మనసు పోయి స్టీరింగ్ ముందు కూర్చుంది.

పాత బండి అమ్మేసి దీన్ని తెచ్చుకున్నాం. మా జిల్లాల్లో కొత్త బండి ఏది కొన్నా ముందు కొండగట్టు అంజన్న దగ్గరికి పోవాల్సిందే. నలుగురమూ ఎక్కే బదులు ముగ్గురమే ఎక్కాం, నేను, మా ఆవిడ, బాపు. కొడుకు పరీక్షలని రాలేదు. పూజ అయింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. నేను బండి ఆన్ చేశాను. బాపు దిగి ముందుకొచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. అది ఆయన అలవాటు. చెవులు పోయాక ఆయన మిక్సీనైనా మోటరునైనా అరచేతితోనే వింటాడు. పాత బండి మీద చెయ్యి పెట్టి, నడుస్తుందని తల ఊపేవాడు. ఈ బండి మీద చాలాసేపు పెట్టి ఉంచాడు.

"నడుస్తున్నాదిరా?"

"నడుస్తుంది బాపు!"

"ఏం నడుసుడు, కరెంటు పోయిన సాంచె తీరుగున్నది."

పూజకొచ్చిన జనమంతా ఇటు తిరిగారు. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెనక అద్దం మీద ఆమె పేరు, దాని పక్కన ఎంటర్‌ప్రైజెస్ అని తెల్లటి అక్షరాలు మెరుస్తున్నాయి. ఆమె ఆ అక్షరాల దగ్గర నిలబడి ఒక ఫోటో తీయించుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఫోటో తియ్యి అని ఆమె అడగడం నాకు గుర్తులేదు.

బాపును ముందు సీట్లో కూర్చోబెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. "ఇగ నీ తువ్వాల భుజం మీదికెల్లి తియ్యకు బాపు. ఎవ్వడొచ్చినా తియ్యకు." ఆయనకు సగమే వినపడింది. నేను ఆయన తువ్వాల పట్టుకుని భుజం మీద గట్టిగా అదిమి సైగ చేశాను. అప్పుడు అర్థమైంది. నవ్వాడు. కొండ దిగేదాకా ఆ భుజం మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాడు. నా జీవితంలో నేను గెలిచాననుకున్న రోజు ఏదైనా ఉందంటే అదే.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, బాగానే గడిచాయి. తెల్లవారుజామున అడవిలో పోతుంటే చప్పుడు లేదు, నెమళ్ల కూత వినపడేది. ఉట్నూరు అవతలి బడిలో వంట చేసే ఒక పెద్దామె ఉంది, అక్కడ అలాంటి వాళ్లను మౌషీ అంటారు. ఆమె ఈ బండిని చూసి, ఇది దొంగ బండి, చెప్పకుండా వచ్చి వెనక నిలబడుతుంది అనేది. డీఈ సార్ ఒకరోజు బండి చుట్టూ తిరిగి, "ఇప్పుడున్నది కాంట్రాక్టర్ లెక్క" అన్నాడు. చార్జి కోసం లక్షెట్టిపేట దగ్గర ఒక దాబా ముందు కొత్తగా పెట్టిన స్తంభం ఉండేది. దానికి తగిలించి చాయ్ తాగి, ఇంకో చాయ్ తాగి, దాబా ఓనరు ఇంటి గొడవలన్నీ విని బయలుదేరేవాణ్ని.

నేను చేసింది ఒక్కటే, వాగడం. ఎవరు కలిసినా వాగాను. పెళ్లిలో, పెద్దకర్మలో, మంగలి షాపులో. డీజిల్ లేదు, ఖర్చు లేదు, ఫ్యాను తిరిగినట్టు ఊరికే తిరుగుతుంది అని. చుట్టాలందరి చెవుల్లో ఆ ఊరికే అన్న మాట కూర్చుండిపోయింది.

మా వైపు కారు ఒకరింట్లో ఉంటే అది చుట్టాలందరిదీ. అడిగితే లేదనకూడదు. కానీ దానికీ ఒక మర్యాద ఉంది. తీసుకుపోయినవాడు తిరిగి ఇచ్చేటప్పుడు డీజిల్ పోయించి ఇవ్వాలి. తాను కాల్చిన దానికంటే ఒక ఇసుమంత ఎక్కువే పోయిస్తాడు, మాట పడకూడదని. పాత బండి రోజుల్లో నా డీజిల్ సగం ఇలా చుట్టాలే పోయించేవారు. ఆ మర్యాద మీదే ఈ ఇచ్చిపుచ్చుకోవడమంతా నడుస్తుంది. ఇప్పుడు డీజిల్ లేని బండి వచ్చింది. దీనికి మర్యాద ఏమిటో మా పెద్దలు చెప్పిపోలేదు.

ఆ చలికాలం ఒక శనివారం మా బావ వచ్చాడు. మా అక్క భర్త, హుస్నాబాద్‌లో బట్టల దుకాణం. బిడ్డకు సంబంధం కుదిరేలా ఉంది, పెద్దమనుషులతో పోయి పిల్లవాడి ఇల్లు చూసి రావాలి. ఇంటి అల్లుడు వచ్చి అడిగితే లేదనడం మా ఇళ్లలో లేదు. నేను నోరు తెరిచేలోపే బాపు తాళం చెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. బండి నిండా చార్జి ఉంది. ఆదివారం పొద్దుగూకేసరికి తెస్తానన్నాడు బావ.

ఆదివారం మధ్యాహ్నం డీఈ సార్ ఫోన్ చేశాడు. ఉట్నూరు అవతలి బడిలో ప్లాంటు ఆగిపోయింది. పిల్లలు బోరు నీళ్లు తాగుతున్నారు. మర్నాడు పొద్దున పైనుంచి పెద్ద సార్ తనిఖీకి వస్తున్నాడు.

"నీ కాంట్రాక్టు ఫైలు గూడ గా సార్ ముందరికే వోతది. ఆయన వచ్చేసరికి నీళ్లు రావాలె. సమజైందా?"

సమజైంది. నేను పంపు, ఫిల్టర్లు, పెట్టె సర్ది గుమ్మంలో పెట్టుకున్నాను. సాయంత్రమైంది, బండి రాలేదు. బావకు ఫోన్ చేస్తే వెనక డప్పులు, నవ్వులు. పిల్లవాడి వాళ్లు వదలడం లేదట, మేకను కోశారట, రాత్రికి అక్కడే.

"ఫికర్ జెయ్యకు బామ్మర్దీ. తెల్లారేసరికి నీ వాకిట్ల ఉంటది."

మాట తప్పే మనిషి కాదు. తెల్లవారేసరికి బండి నిజంగానే వాకిట్లో ఉంది. తళతళ మెరుస్తోంది. దారిలో ఎవర్నో లేపి మరీ కడిగించాడట. ముందు బంతిపూల దండ కట్టించాడు. డిక్కీలో పల్లికాయ బస్తా. సంబంధం ఖాయమైంది, ఆయన మొహం కూడా బండిలాగే మెరుస్తోంది.

"డీజిల్ పోయిద్దామంటే నీ బండికి మూతి లేకపాయె. ఊకెనే ఎట్లిస్తరు, గందుకే కడిగిచ్చిన."

నేను తలుపు తీసి లోపల చూశాను. బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగుతోంది. నిండు బండి ఇచ్చాను, అడుగంటిన బండి వచ్చింది. కోపం వచ్చింది. ఎవరి మీద చూపించను? ఆయన మర్యాద ఆయన వెతుక్కుని మరీ చేశాడు. దీనికి ఖర్చే లేదు, ఊరికే తిరుగుతుంది అని ఆయన ఇంట్లో భోజనం చేస్తూ చెప్పింది నేనే. పిలిచి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. బిడ్డ పెళ్లి కుదిరిన మనిషికి ఇంకేం ఇస్తాను?

కిరాయికి బండి మాట్లాడుకుని పోతే అయిపోయేది. మా ఆవిడ ఆ మాటే అంది. కడిగి దండేసిన కొత్త కారు ఇంటి ముందు పెట్టుకుని, కాంట్రాక్టు నిలబెట్టుకోవాల్సిన రోజున, పెద్ద సార్ ముందు కిరాయి జీపులోంచి దిగాలా? నేను వినలేదు. కరీంనగర్‌లో త్వరగా చార్జి ఎక్కే చోటికి పోయాను. ముందు ఇంకొకాయన ఉన్నాడు. ఆయనది అయ్యాక నాది పెట్టి, గడియారం చూసుకుంటూ, లక్షెట్టిపేట దాకా పోతే చాలు అక్కడ మిగతాది పెట్టుకోవచ్చని సగం కూడా నిండకుండానే పీకేశాను.

లక్షెట్టిపేట దాబా ముందు స్తంభానికి గోనెసంచి కట్టి ఉంది. రాత్రి లారీ వెనక్కి తీస్తూ గుద్దిందట. దాబా ఓనరు పళ్లు తోముకుంటూ వచ్చి "రేపో ఎల్లుండో జేస్తరంట అన్నా" అన్నాడు. ఆయన లోపలి ప్లగ్గుకు పెడితే ఎక్కుతుంది కానీ మధ్యాహ్నమవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను హీటరు ఆపి, రేడియో ఆపి, ఎద్దుల బండి పోయినట్టు పోయాను. జన్నారం దాటేసరికి చేతులు కొంకర్లు పోతున్నాయి. చలికి మనుషులే కాదు, బ్యాటరీ కూడా ముడుచుకుంటుందని ఆ రోజు తెలిసింది. అంకె కిలోమీటరు కంటే ముందు పడిపోతోంది. నేను దాన్ని చూస్తూ, చదువుకున్నవాణ్ని, మెకానిక్‌ను, అంజన్నా అంజన్నా అని మొక్కాను.

అడవి మధ్యలో ఒక ఎత్తు మీద ఆగిపోయింది. అరవలేదు, దగ్గలేదు, పొగ వదలలేదు. ఎంత నిశ్శబ్దంగా నడిచేదో అంత నిశ్శబ్దంగా ఆగింది. పాత బండి అయితే ఆగే ముందు ఊరంతటికీ చెప్పేది. కోతులు వచ్చి బానెట్ ఎక్కి బావ కట్టిన బంతిపూల దండ తెంపుకుని తిన్నాయి. నేను తోలలేదు.

ఫోన్‌కు సిగ్నల్ లేదు. బస్సు వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. పెట్టె, పంపు పైకెక్కించుకుని ఉట్నూరులో దిగి, ఆటో పట్టుకుని బడికి పోయేసరికి పిల్లలు అన్నాలు తిని కంచాలు కడుగుతున్నారు. ప్లాంటు గదిలోంచి చప్పుడు వస్తోంది. నీళ్లు వస్తున్నాయి. నా ప్లాంటు, నేను లేకుండా నడుస్తోంది. ఇంకో కాంట్రాక్టర్, మంచిర్యాల వైపు పెద్ద పనులు చేసేవాడు, పొద్దున్నే డీజిల్ జీపులో ఇద్దరు మనుషుల్ని పంపాడు. డీఈ సారే పిలిపించాడు. పెద్ద సార్ వచ్చాడు, నీళ్లు తాగాడు, పోయాడు.

పిల్లలు మంచి నీళ్లు తాగుతున్నందుకు నేను సంతోషించాలి. సంతోషించలేదు. ఆ నీళ్లు ఆగిపోతే బాగుండుననిపించింది, నిజం చెబుతున్నాను. మౌషీ గ్లాసు నిండా ముంచి ఇచ్చింది.

"తాగు బిడ్డా, నీ మిషన్ నీళ్లే గదా."

డీఈ సార్ తిట్టలేదు. పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మంచిగనే జేసినవ్. పని తెలిసినోనివి. కానీ పోరగాండ్లు నీ బండి నిండేదాంక నీళ్లు తాగకుండ ఉండరు గదనయ్యా." ఆయన మాటలో తప్పు ఎక్కడుందో ఇప్పటిదాకా వెతుకుతూనే ఉన్నాను. దొరకలేదు.

బండిని మర్నాడు ఒక రైతు ట్రాక్టరుకు తాడు కట్టి జన్నారం లాక్కొచ్చాడు. దారి పొడుగునా జనం నిలబడి చూశారు. కరెంటు బండిని డీజిల్ బండి గుంజుతోందని ఎవరో అరిచారు. నేను స్టీరింగ్ పట్టుకుని తల వంచుకుని కూర్చున్నాను.

ఆ ఏడు కాంట్రాక్టు మంచిర్యాల ఆయనకు పోయింది. కారు నాకు మిగిలింది. అమ్ముదామని చూశాను. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు కదా, వచ్చినవాళ్లంతా డోరు తీసి వేసి, బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందని అడిగి, చాయ్ తాగి పోయారు. నెల తిరిగేసరికి కిస్తీ గడువు వచ్చేది. మా ఆవిడ రేకు బోర్డు తుడవడం మానేసింది. నేను చిన్నాచితకా పనులకు తిరిగాను, ఇళ్లలో ఫిల్టర్లు మార్చడం లాంటివి. అవి స్కూటర్ మీద చేసే పనులు, కారు మీద చేసేవి కావు. కారు వాకిట్లో నిలబడి ఉండేది, మేము దాని పక్కనుంచి ఒదిగి నడిచేవాళ్లం.

చివరికి మంచిర్యాల ఆయన నుంచే ఫోన్ వచ్చింది. మర్యాదగానే మాట్లాడాడు. ప్లాంట్లన్నీ చూడటానికి కొత్తగా ఒక ఇంజనీరును పెట్టుకున్నాడట, కుర్రవాడు, కరీంనగర్‌లో ఉంటాడు. అతనికి ఒక బండి కావాలి, నెల కిరాయికి.

"రూటు నీకెరుకనే గద అన్నా. ప్లాంట్లు గూడ నీకెరుకనే. నడిపేటోడు గూడ నువ్వే అయితే మాకు పరేషాన్ ఉండది."

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నా మొహం చూసి అడిగింది, "డ్రైవర్‌గ పోతవా?"

"కంపెనీ కారును కిరాయికి ఇస్తున్నం. గంతే."

"కంపెనీ అంటే నువ్వొక్కనివే గద" అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. ఏడుపు ఆపుకుంటూ అంది.

బాపుకు చెప్పలేదు. ఏమని చెప్పాలి? పొద్దున్నే ఆయన లేవక ముందే పోయేవాణ్ని, ఇంజనీరును అతని గది దగ్గర ఎక్కించుకునేవాణ్ని. అతను మంచివాడు. నన్ను అన్నా అనే పిలుస్తాడు. దారిలో దాబా దగ్గర తన టేబుల్ దగ్గరికే వచ్చి కూర్చోమంటాడు. ప్లాంటు దగ్గర ఏదైనా తెలియకపోతే కిటికీ దగ్గరికి వచ్చి అడుగుతాడు, నేను చెబుతాను, అతను పోయి చేస్తాడు. నేను మాత్రం లోపలికి పోను. ఒకసారి మౌషీ బయటికి వచ్చి, లోపలికి రావేం బిడ్డా అంది. బండి దగ్గర ఉండాలి అన్నాను. సేటు ఎంత మంచివాడైతే అంత బరువని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఒకరోజు చొప్పదండి దారిలో పడ్డాక చార్జింగ్ వైరు ఇంట్లోనే మరిచిపోయానని గుర్తొచ్చింది. అది లేకుండా అడవిలోకి పోవడానికి ఇంక నాకు ధైర్యం లేదు. బండి తిప్పి ఇంటి ముందుకు తెచ్చాను. బాపు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఎండకు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. నేను లోపలికి పరిగెత్తి వైరు తెచ్చి డిక్కీలో వేశాను. అంతలో వెనక సీట్లోంచి ఇంజనీరు అద్దం దించి, "అన్నా, నా బ్యాగు గూడ డిక్కీల వెయ్యవా జర" అన్నాడు. నేను పోయి వెనక తలుపు తీశాను. కొన్ని వారాల అలవాటు, తలుపు తీసి పట్టుకుని కొంచెం వంగి నిలబడ్డాను. అతను బ్యాగు అందించాడు.

తల ఎత్తితే బాపు బండి ముందు నిలబడి ఉన్నాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి ఉన్నాడు. నన్ను చూశాడు, నేను పట్టుకున్న తలుపును చూశాడు, వెనక కూర్చున్న కుర్రవాణ్ని చూశాడు.

"నడుస్తున్నాదిరా?"

వీధి మొత్తం వినపడేలాగే అడిగాడు.

"నడుస్తుంది బాపు" అన్నాను. అరవలేకపోయాను. ఆయనకు వినపడి ఉండదు.

ఆయన బానెట్ మీదినుంచి చెయ్యి తీశాడు. భుజం మీది తువ్వాల తీశాడు. మెల్లగా మడిచి, చంకలో పెట్టుకుని, వెనక కిటికీ వైపు వంగి రెండు చేతులూ జోడించాడు.

"నమస్తె సేటూ."

కుర్రవాడు కంగారుపడి సీట్లోంచి సగం లేచి నమస్తే పెట్టాడు. నేను బ్యాగు డిక్కీలో వేసి, వెనక తలుపు వేసి, నా సీట్లో కూర్చున్నాను. బండి చప్పుడు లేకుండా కదిలింది. వీధి మలుపు తిరిగేదాకా అద్దంలో చూశాను. బాపు గేటు ముందు అలాగే నిలబడి ఉన్నాడు, తువ్వాల ఇంకా చంకలోనే ఉంది.